ఐరిష్ ఖైదీ పూర్వీకుడి జాడ: కోర్టు కంటే ముందు ఓడ పేరు పట్టుకోండి

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మావారు ఇక్కడివారే. వాళ్ల అమ్మగారి వైపు ఐదారు తరాల కిందటి పెద్దాయన జాన్ ర్యాన్. ఐర్లండ్‌లోని టిప్పరరీలో రొట్టె దొంగిలించాడని ఏడేళ్ల శిక్ష వేసి, 1830ల్లో ఖైదీల ఓడెక్కించి సిడ్నీ పంపారని ఇంట్లో చెప్పుకుంటారు. తర్వాత బంగారు గనుల రోజుల్లో బల్లారాట్ వచ్చి అక్కడే పోయాడట. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు వెబ్‌సైట్‌లో వెతికితే జాన్ ర్యాన్‌లు తగిలారు గానీ టిప్పరరీ మనిషి లేడు. ఆయన కేసు విచారణ కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? ఆయన సొంత ఊరేదో మా అత్తగారికి చెప్పాలని ఉంది.
– ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: ఓల్డ్ బెయిలీలో ఆయన కనిపించకపోవడంలో వింతేమీ లేదు. అది లండన్, మిడిల్‌సెక్స్ కేసులు చూసిన కోర్టు. 1674 నుంచి 1913 దాకా అక్కడి విచారణలు అచ్చయ్యాయి కాబట్టి ఇవాళ ఉచితంగా చదువుకోగలుగుతున్నాం. ఐర్లండ్ కోర్టులకు అలాంటి అచ్చు నివేదికల వరస లేదు. చేతిరాత కోర్టు పుస్తకాలు ఉండేవి. వాటిని డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో భద్రపరిచారు. 1922 జూన్ ఆఖర్లో, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, ఆ భవనం పేలిపోయి తగలబడింది. అసైజ్ అనే జిల్లా పెద్ద కోర్టుల పుస్తకాలు, 1836కు ముందు ద్వీపాంతరం పంపిన ఖైదీల రిజిస్టర్లు, 1821 నుంచి 1851 దాకా జరిగిన జనగణనల్లో చాలా భాగం ఆ మంటల్లోనే పోయాయి.

కాబట్టి సాక్షి ఏమన్నాడు, జడ్జి ఏమన్నాడు అని వరసగా రాసిన కాగితం మీకు దొరికే అవకాశం తక్కువ. అలాగని దారి మూసుకుపోలేదు. క్షమాభిక్ష అర్జీలు, జైలు రిజిస్టర్లు, పత్రికల కోర్టు వార్తలు, పోలీసు నివేదికలు చాలావరకు మిగిలాయి. చిక్కల్లా వాటిలో దేన్ని తెరవాలన్నా ఏ జిల్లాలో, ఏ నెలలో శిక్ష పడిందో ముందే తెలిసి ఉండాలి. ఆ రెండు ముక్కలూ ఆస్ట్రేలియా కాగితాల్లో ఉన్నాయి. అందుకే వెతుకులాట డబ్లిన్‌లో కాక బల్లారాట్‌లో మొదలుపెట్టాలి. ఈ వరస తిరగేసినవాళ్లే ఎక్కువగా దారి తప్పుతారు. టిప్పరరీలో ర్యాన్ అనే ఇంటిపేరు, దాని ముందు జాన్ అనే పేరు పెట్టుకుని వెతకడమంటే గుంటూరు జిల్లాలో శ్రీనివాసరావుని వెతకడమే. దొరక్కపోవడం అక్కడ సమస్య కాదు, పదిమంది దొరుకుతారు. నచ్చినవాణ్ని తాతగా ఎంచుకుంటారు.

మొదట మరణ ధ్రువపత్రం తెప్పించండి. విక్టోరియాలో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1853 జులై 1న మొదలైంది. ఆ పత్రాలు చాలా వివరంగా ఉంటాయి. చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, ఎక్కడ ఏ వయసులో ఎవరిని పెళ్లాడారు, పిల్లల పేర్లు, వయసులు అన్నీ రాసేవారు. మీకు అసలు పనికొచ్చే గడి ఇంకొకటుంది: ఆస్ట్రేలియా కాలనీల్లో ఎన్నేళ్లున్నారు, ఏ కాలనీలో ఎన్నేళ్లు. ‘న్యూ సౌత్ వేల్స్‌లో 17 ఏళ్లు, విక్టోరియాలో 20 ఏళ్లు’ అని ఉంటే పోయిన ఏడాదిలోంచి 37 తీసేయండి, ఓడ దిగిన ఏడాది దాదాపుగా తేలిపోతుంది. న్యూ సౌత్ వేల్స్ బదులు టాస్మేనియా అని ఉంటే ఇంట్లో చెప్పుకునే సిడ్నీ కథ పక్కనపెట్టి హోబార్ట్ వైపు చూడాలి. విక్టోరియా కుటుంబాల్లో ఇది మామూలే. శిక్ష పూర్తయిన టాస్మేనియా ఖైదీలు బాస్ జలసంధి దాటి బంగారం కోసం పెద్ద సంఖ్యలో వచ్చారు.

అయితే ఆ వివరాలు చెప్పింది పోయినవాడు కాదు, కొడుకో అల్లుడో. ఖైదీగా వచ్చాడన్న మాట తరాలపాటు గడప దాటని గుట్టు. ఎక్కడ ఎన్నేళ్లున్నాడో వాళ్లకు తెలియకపోవచ్చు, తెలిసీ దాచి ఉండొచ్చు. అందుకే ఆ లెక్కకు అటూ ఇటూ రెండు మూడేళ్లు కలిపి వెతకండి. ఆయన పత్రంతో ఆగకుండా పిల్లల జనన పత్రాలు, వాళ్ల పెళ్లి పత్రాలు కూడా తీయండి. తండ్రి పుట్టిన ఊరు ఒక పత్రంలో ‘ఐర్లండ్’ అని మాత్రమే ఉండి, నాలుగో బిడ్డ పత్రంలో ఊరి పేరుతో సహా బయటపడటం తరచూ జరుగుతుంది.

సిడ్నీయా హోబార్టా అన్నది తేల్చుకోవడానికి 1840 మంచి హద్దు. ఐర్లండ్ నుంచి నేరుగా బయల్దేరిన ఖైదీల ఓడలు 1791లో క్వీన్ అనే ఓడతో మొదలై 1840 దాకా దాదాపు అన్నీ న్యూ సౌత్ వేల్స్‌కే వెళ్లాయి. ఆ ఏడాది అక్కడికి పంపడం ఆగిపోయాక 1853 దాకా టాస్మేనియాకు వెళ్లాయి. దాని అప్పటి పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్. ఆ తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లినవారు కొద్దిమందే. 1868 జనవరిలో ఫ్రీమాంటిల్ చేరిన హౌగౌమాంట్ ఆఖరి ఓడ. అందులో ఫీనియన్లు, అంటే ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం తిరగబడ్డ రాజకీయ ఖైదీలు, 62 మంది ఉన్నారు. ఐర్లండ్ నుంచి నేరుగా పంపినవారు మొత్తం మీద సుమారు 40 వేల మంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ కోర్టుల్లో శిక్షపడిన ఐరిష్‌వాళ్లు వీరికి అదనం.

మీ పెద్దాయన నిజంగా 1830ల మనిషే అయితే మీ అదృష్టం బాగున్నట్టే. ప్రతి ఓడతోపాటూ ఖైదీల పట్టీ ఒకటి వచ్చేది. దాన్ని ఇండెంట్ అంటారు. తొలినాళ్ల ఇండెంట్లలో పేరు, శిక్షపడిన చోటు, తేదీ, ఎన్నేళ్లు అన్నవే ఉంటాయి. తొలి ఐరిష్ ఓడల్లో కొన్నింటికి ఆ మాత్రం పట్టీ కూడా సరిగ్గా రాలేదు. శిక్షాకాలం అయిపోయిందని మనిషి మొత్తుకుంటున్నా నిరూపించే కాగితం సిడ్నీలో లేక గవర్నర్లు తలలు పట్టుకున్నారు. 1820ల చివరికొచ్చేసరికి పరిస్థితి మారింది. 1830 నుంచి 1842 దాకా ఇండెంట్లు అచ్చులోనే ఉన్నాయి.

ఆ అచ్చు ఇండెంట్లో ఒక వరసను ఎడమ నుంచి కుడికి చదివితే పేరు, వయసు వస్తాయి. తర్వాత చదువు: చదవడం రాయడం రెండూ వచ్చా, చదవడం ఒక్కటేనా, ఏదీ రాదా అన్నది పొడి అక్షరాల్లో. మతం, పెళ్లయిందా, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు. పుట్టిన చోటు. చేసే పని. నేరం. ఎక్కడ, ఏ తేదీన శిక్ష. ఎన్నేళ్లు. ఇంతకుముందు శిక్షలున్నాయా. ఆపైన ఎత్తు, అదీ పావు అంగుళంతో సహా. ఒంటి రంగు, జుట్టు, కళ్లు. చివర్లో పచ్చబొట్లు, మచ్చలు: ఎడమ కనుబొమ మీద గాటు, కుడిచేతి చిటికెన వేలు వంకర, మోచేతి కింద సిలువ గుర్తు, ఇలా. మొక్కుబడిగా పైపైన చదివి వదిలేయకండి, మనిషిని పోల్చుకోవడానికి ఆ చివరి గడే గట్టి ఆధారం.

పేర్ల సూచిక న్యూ సౌత్ వేల్స్ స్టేట్ ఆర్కైవ్స్ (ఇప్పుడు మ్యూజియమ్స్ ఆఫ్ హిస్టరీ ఎన్‌ఎస్‌డబ్ల్యూ) వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పేజీల ఫొటోలు యాన్సెస్ట్రీ అనే చందా వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చందా కట్టే ముందు మీ దగ్గరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి, చాలా లైబ్రరీల్లో కూర్చుని ఉచితంగా వాడుకోవచ్చు. సూచికలో కనిపించగానే సంబరపడి ఆగిపోకుండా పేజీ ఫొటో తెరవాలి. సూచిక రాసినవారి చేతిలో జాన్‌కు గుమస్తాలు వాడిన పొట్టిరూపం ‘జె ఎన్ ఓ’ జోనథన్ అయి కూర్చుంటుంది. జేమ్స్ పొట్టిరూపం ‘జె ఏ ఎస్’ను జాన్ అని చదివేవారూ ఉన్నారు. ‘డీఓ’ అని ఉంటే పైగడిలో ఉన్నదే ఇక్కడా అని అర్థం. అది చూసుకోకపోతే నేరమో జిల్లానో తప్పిపోతుంది.

పేరు ఒకే రకంగా రాసి ఉంటుందని కూడా అనుకోవద్దు. చాలామంది ఖైదీలకు చదువు లేదు, కొందరి ఇంటిభాష ఐరిష్. గుమస్తా విన్నట్టుగా రాసుకున్నాడు. ఓ, మాక్ అనే ముందుభాగాలు ఒక కాగితంలో ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. రైలీ, ఓ’రైలీ ఒకరే కావచ్చు. కావనా పేరు ‘కె’తోనూ ‘సి’తోనూ కనిపిస్తుంది. మార్ అని పలికే ఇంటిపేరుకు కనీసం రెండు స్పెల్లింగులున్నాయి. ర్యాన్ కొంత నయం, అయినా మధ్య అక్షరం తెలియదన్న గుర్తుపెట్టి, చివర ‘ఈ’ కలిపీ కలపకుండా రెండు రకాలుగా వెతకండి.

1833కూ 1838కీ మధ్య ముగ్గురు జాన్ ర్యాన్‌లు తేలారనుకుందాం. అప్పటి కచేరీలకూ ఈ గందరగోళం తప్పలేదు, వాళ్లు చేసిన ఏర్పాటే మీకూ దారి. ప్రతి ఖైదీ పేరు పక్కనా వచ్చిన ఓడ పేరు, ఏడాది రాసేవారు. చచ్చేదాకా ఆ ఓడ ఆ మనిషిని వదిలేది కాదు. సొంతంగా పనిచేసుకునే అనుమతి అడిగినా, పెళ్లికి అనుమతి అడిగినా, పారిపోతే గెజెట్‌లో వేసినా పక్కన ఓడ పేరు ఉండాల్సిందే. కాబట్టి ముగ్గురికీ మూడు కాగితాలు పెట్టుకుని, ఒక్కో ఓడ పేరు కింద దొరికినవన్నీ విడివిడిగా రాసుకోండి. ఒకే ఓడ పలుమార్లు ఖైదీలను తెచ్చింది, ఒకే పేరుతో వేర్వేరు ఓడలూ ఉన్నాయి. ఓడ పేరు పక్కన ఏడాది లేకపోతే ఆ రాత పనికిరాదు.

ఇండెంట్ తర్వాత రెండు కాగితాలు ముఖ్యం. మంచి నడవడితో కొన్నేళ్లు గడిపిన ఖైదీకి ఒక తాలూకాకు పరిమితమై సొంతంగా పనిచేసుకునే అనుమతి దొరికేది, దాన్ని టికెట్ ఆఫ్ లీవ్ అంటారు. మామూలుగా ఏడేళ్ల శిక్షకు నాలుగేళ్లు, 14 ఏళ్లకు ఆరు, యావజ్జీవానికి ఎనిమిదేళ్లు అయ్యాక ఇచ్చేవారు. శిక్ష పూర్తయితే సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడమ్. రెండింటి కౌంటర్‌ఫాయిళ్లూ సిడ్నీలో ఉన్నాయి. వాటిలో ఓడ, వచ్చిన ఏడాది, పుట్టిన చోటు, శిక్షపడిన చోటు, తేదీ, రూపురేఖలు మళ్లీ రాసి ఉంటాయి. ఇండెంట్‌లో కనుబొమ మీద గాటు టికెట్ మీదా ఉంటే మనిషి ఒకడే. ఎత్తులో అంగుళం తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, పద్దెనిమిదేళ్లకు ఓడెక్కినవాడు తర్వాత ఎదుగుతాడు. కళ్ల రంగు, పచ్చబొట్టు కుదరకపోతే మాత్రం అనుమానించండి.

ఇక్కడొక చిన్న లెక్క ఉంది. శిక్షాకాలం కోర్టు తీర్పు రోజు నుంచే మొదలవుతుంది, ఓడ దిగిన రోజు నుంచి కాదు. 1841 ఏప్రిల్లో సర్టిఫికెట్ తీసుకున్నవాడికి ఏడేళ్ల శిక్ష అయితే తీర్పు 1834 ఏప్రిల్‌కు ముందే వచ్చింది. మనిషి వచ్చి అడిగితేనే ఇచ్చేవారు కాబట్టి నెలలో, ఏళ్లో ఆలస్యం ఉండొచ్చు, ముందు మాత్రం ఉండదు. యావజ్జీవం పడ్డవాడికి సర్టిఫికెట్ ఉండదు. అతనికోసం షరతులతో ఇచ్చిన క్షమాభిక్షల పుస్తకాలు చూడాలి.

పెళ్లి దరఖాస్తులు కూడా వదలకండి. 1826 నుంచి 1851 దాకా న్యూ సౌత్ వేల్స్‌లో ఖైదీ పెళ్లాడాలంటే గవర్నర్ అనుమతి కావాలి. దరఖాస్తులో ఇద్దరి పేర్లు, వయసులు, ఓడలు ఉంటాయి. ఇండెంట్‌లో ‘వివాహితుడు’ అని ఉన్నవాడు ఇక్కడ బ్రహ్మచారినని రాస్తే కచేరీ పాత పట్టీ తీసి చూసి తిప్పికొట్టేది. ఐర్లండ్‌లో భార్య ఉందన్న సంగతి కొన్ని కుటుంబాలకు ఇవాళ తెలుస్తున్నది ఆ తిరస్కరణ కాగితం వల్లే. అత్తగారికి చెప్పే ముందు కాస్త చూసుకుని చెప్పండి.

టాస్మేనియా అని తేలితే పని ఇంకా తేలిక. అక్కడి ఆర్కైవ్స్ పేర్ల సూచిక, పేజీల ఫొటోలు ఇంట్లోంచే ఉచితంగా తెరుచుకుంటాయి. 1840 తర్వాత వచ్చిన మగవారికి కాన్ 33 అనే వరస చూడండి. నడవడి రిజిస్టర్ అది. నేరం గురించి ఖైదీ తన నోటితో ఏం చెప్పాడో కూడా చాలాచోట్ల రాశారు. ఎవరి గొర్రె, ఎక్కడ పట్టుబడ్డాను, అన్నదమ్ములెవరు, అన్న ఏ ఊళ్లో ఉన్నాడు అన్నవన్నీ ఒకే పేజీలో ఇరికించి ఉంటాయి. చేతిరాత ఇరుకుగా, పొడి అక్షరాలతో ఉంటుంది కాబట్టి ఒకే గుమస్తా రాసిన నాలుగైదు పేజీలు ముందు చదివి అతని అక్షరాలు అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఐర్లండ్. మీ చేతిలో ‘టిప్పరరీ, 1834 మార్చి, ఏడేళ్లు, ఫలానా ఓడ’ అనే నాలుగు ముక్కలున్నాయనుకుందాం. ఆ నెల పేరే ఒక ఆధారం. జిల్లా పెద్ద కోర్టులైన అసైజ్‌లు ఏటా రెండుసార్లు జరిగేవి, వసంతంలో అంటే మార్చి ప్రాంతంలో ఒకసారి, జులై ఆగస్టుల్లో మరోసారి. జనవరి, అక్టోబరు అని ఉంటే చాలావరకు క్వార్టర్ సెషన్స్ అనే చిన్న కోర్టు. అది కూడా ఏడేళ్ల ద్వీపాంతరం వేయగలిగేది, కానీ పత్రికలు దాన్ని అంతగా పట్టించుకోలేదు. టిప్పరరీ అసైజ్‌లు క్లాన్‌మెల్‌లో జరిగేవి. 1838లో జిల్లాను ఉత్తర, దక్షిణ భాగాలు చేశాక ఉత్తరానికి నీనా కేంద్రమైంది. ఇంకో తిరకాసు: పాత కాగితాల్లో కింగ్స్ కౌంటీ అంటే నేటి ఆఫలీ, క్వీన్స్ కౌంటీ అంటే నేటి లీష్. కార్క్ నగరం, కార్క్ జిల్లా రెండూ వేర్వేరు కోర్టు పరిధులు.

డబ్లిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఐర్లండ్ వెబ్‌సైట్‌లో ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీల డేటాబేస్ ఉంది. 1988లో ఆస్ట్రేలియా ద్విశతాబ్ది సందర్భంగా ఐర్లండ్ ప్రభుత్వం మైక్రోఫిల్ములతో సహా ఇచ్చిన కానుక ఇది. ఆ ఫిల్ములు ఆస్ట్రేలియా పెద్ద లైబ్రరీల్లోనూ ఉన్నాయి. డేటాబేస్ ఉంది కదా అని అందులో అందరూ ఉంటారనుకుంటారు. అసలు రిజిస్టర్లు మిగిలింది 1836 నుంచే. అంతకుముందు వాళ్లలో కనిపించేది అర్జీ పెట్టుకున్నవారే. మీవాడికి శిక్ష 1834లో పడి ఉంటే, అర్జీ పెట్టకపోతే, అక్కడ పేరు ఉండదు. పేరు లేదు కాబట్టి ఖైదీ కాడని తేల్చేయకండి.

అర్జీ గనక దొరికితే అంతకు మించిన నిధి లేదు. 1836 దాకా ఉన్నవి ఖైదీల అర్జీలు అనే వరసలో, ఆ తర్వాతవి కన్విక్ట్ రిఫరెన్స్ ఫైళ్లు అనే వరసలో ఉంటాయి. ఐర్లండ్‌లో బ్రిటిష్ రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్‌ను ఉద్దేశించి, ఊళ్లో అక్షరమొచ్చిన ఎవరిచేతనో రాయించిన విన్నపం ఉంటుంది: ముసలి తల్లి ఉంది, నలుగురు పసిపిల్లలు, ఇదే మొదటి తప్పు. కింద ఫాదరీ, భూస్వామి, ఊరి పెద్దల సంతకాలు, చదువురానివాళ్ల వేలిగుర్తుకు బదులు ఇంటూ గుర్తులు. ఆ సంతకాలు చేసిన ఫాదరీ ఏ పారిష్ (చర్చి పరిధి) వాడో చూడండి, ఖైదీ ఊరు చాలాసార్లు అక్కడే తేలుతుంది. అర్జీ అందాక ప్రభుత్వం కొన్ని కేసుల్లో జడ్జి అభిప్రాయం అడిగేది. జడ్జి తన నోట్సు చూసి సాక్ష్యం సారాంశం రాసి పంపేవాడు. మీరు వెతుకుతున్న విచారణ కాగితానికి దగ్గరగా ఐర్లండ్‌లో మిగిలింది ఇదే. మడత వెనక నిర్ణయం ఒక వాక్యంలో ఉంటుంది. ఎక్కువగా కనిపించేది, ‘చట్టం తన పని తాను చేసుకుపోనీ’. మన నాయకుల నోట రోజూ వినేదే.

వీటితోపాటు ఫ్రీ సెట్లర్స్ పేపర్లు అనే వరస ఉంది, 1828 నుంచి 1852 దాకా. భర్త ఉన్నచోటికి ఉచితంగా పంపమని ఖైదీల భార్యలు పెట్టుకున్న దరఖాస్తులవి. భార్య పేరు, పిల్లల వయసులు, ఉంటున్న చోటు ఉంటాయి. ఇండెంట్‌లో పెళ్లయిందని ఉంటే ఇది తప్పక చూడాలి.

పత్రికల దగ్గరికి వస్తే, కోర్టు జరిగిన వారంలోని స్థానిక పత్రికే కావాలి. టిప్పరరీ ఫ్రీ ప్రెస్, లిమరిక్ క్రానికల్ లాంటివి బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో వెతకొచ్చు. పేరు కొట్టి వదిలేయకండి. పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, ర్యాన్ ఇంకేదో అవుతుంది. అసైజ్‌లు మొదలైన రోజు నుంచి పది రోజుల సంచికలు తెరిచి కళ్లతో చూడటమే నమ్మకమైన పద్ధతి. హత్య కేసుకు నిలువు కాలమ్‌లు దొరుకుతాయి, గొర్రె దొంగతనానికి ఒక్క లైను: పేరు, నేరం, ఏడేళ్లు. మరణశిక్ష అని చూసి ఈయన మావాడు కాదని దాటేయకండి. శిక్ష ‘నమోదు’ చేశారని ఉంటే అది కాగితం మీది మాటే, ఉరి తీయరు, చాలాసార్లు యావజ్జీవ ద్వీపాంతరంగా మారేది.

ఐరిష్ జైలు రిజిస్టర్లు ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి, 1790 నుంచి 1924 దాకా అని చెబుతారు గానీ జైలును బట్టి ఎక్కడ మొదలవుతాయో మారుతుంది. విచారణకు ముందు ఉంచిన జిల్లా జైలు, తర్వాత ఓడకోసం ఆపిన చోటు రెండూ చూడాలి. 1820, 30ల్లో కార్క్ రేవులో సర్‌ప్రైజ్, డబ్లిన్ దగ్గర కింగ్స్‌టౌన్‌లో ఎసెక్స్ అనే పాత ఓడలను తేలే జైళ్లుగా వాడారు. నేరం భూమి గొడవ అనిపిస్తే, అంటే ‘ఇంటి మీద దాడి’, ‘అక్రమ ప్రమాణం’, ‘వైట్‌బాయ్ చట్టం’ (పల్లెల్లో రైతుల రహస్య ముఠాల మీద తెచ్చింది) లాంటివి కనిపిస్తే, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఔట్‌రేజ్ పేపర్లు అడగండి. 1830ల నుంచి 1852 దాకా జిల్లాలవారీగా, ఏడాదివారీగా పోలీసులు, మేజిస్ట్రేట్లు డబ్లిన్‌కు పంపిన నివేదికలవి. కౌలు, చర్చికి కట్టే దశమభాగం పన్ను గొడవలతో టిప్పరరీ అప్పట్లో కుతకుతలాడింది, ఆ జిల్లా కట్టలు లావుగానే ఉంటాయి. 1820ల మొదట్లో శిక్షపడ్డవారిదైతే ఇంకో రకం: ఇన్‌సరెక్షన్ చట్టం కింద పొద్దుగూకాక ఇంటి బయట దొరికితే చాలు, జ్యూరీ లేకుండానే ఏడేళ్లు వేసేవారు. అలాంటి కేసుకు మామూలు విచారణ కోసం వెతికితే ఏమీ ఉండదు.

రొట్టె సంగతి ఇంతవరకూ ఎత్తలేదు. ఆ కథ ఆస్ట్రేలియాలో చాలా ఇళ్లలో ఉంది. ఇండెంట్లలో మాత్రం గొర్రెలు, పశువులు, బట్టలు, డబ్బు, దాడులు ఎక్కువగా కనిపిస్తాయి. ఇండెంట్‌లో ఏముంటే అది రాసుకోండి, ఇంటి కథను పక్కన ‘కుటుంబంలో చెప్పుకునేది’ అని విడిగా ఉంచండి.

ఊరు కనుక్కోవడం ఆఖరి మెట్టు, కష్టమైనదీ అదే. శిక్షపడిన చోటు, పుట్టిన చోటు ఒకటి కావు. పక్క జిల్లా సంతలో దొరికిపోతే అక్కడి కోర్టులోనే శిక్ష పడుతుంది. పారిష్ తేలితే కాథలిక్ చర్చి పుస్తకాల ఫొటోలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ వెబ్‌సైట్‌లో ఉచితం. పల్లెల్లో చాలా పుస్తకాలు 1820, 30ల్లోగానీ మొదలవవు, కాబట్టి 1810లో పుట్టినవాడి బాప్తిస్మం ఉండకపోవచ్చు. అప్పుడు ఆయన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం, మరణ పత్రంలోని తల్లిదండ్రుల పేర్లతో వెతకాలి. పేర్లు లాటిన్‌లో ఉంటాయి, జాన్ యొహానెస్ అవుతాడు, జేమ్స్ జాకోబస్ అవుతాడు. 1823 నుంచి 1837 దాకా తయారైన టైద్ అప్లాట్‌మెంట్ పుస్తకాలు (ఆ దశమభాగం పన్ను లెక్కలు), 1847 నుంచి 1864 దాకా జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ (భూముల విలువ కట్టిన సర్వే) భూమి సాగుచేసుకునేవారి పేర్లను ఊరివారీగా ఇస్తాయి. తండ్రి పేరు, ఇంటిపేరు రెండూ కలిసే ఊళ్లను గుర్తుపెట్టుకోండి. భూమిలేని కూలీలు వాటిలో ఉండరన్నది మాత్రం మరవకండి. 1922లో కాలిపోయినవాటికి ఇతర చోట్ల దొరికిన నకళ్లను పోగుచేసి వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే వెబ్‌సైట్‌ను 2022లో ఉచితంగా తెరిచారు. టిప్పరరీ, ర్యాన్ అని అక్కడా ఒకసారి వేసి చూడండి.

ఇండెంట్లో శిక్షపడిన చోటు టిప్పరరీ కాక లివర్‌పూల్, గ్లాస్గో అని కనిపిస్తే ఐరిష్ కాగితాలన్నీ వదిలేసి అటు వెళ్లాలి. పనికోసం బ్రిటన్ వెళ్లి అక్కడ శిక్షపడ్డ ఐరిష్‌వాళ్లు ఎక్కువే. ఇంగ్లండ్ నుంచి కదిలిన ఓడల రిజిస్టర్లు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌ఓ 11 అనే వరసలో ఉన్నాయి. స్కాట్లండ్ కేసులకు ఎడిన్‌బరాలో సాక్షుల వాంగ్మూలాలు కూడా మిగిలాయి. చోటు గడిలో ‘కోర్ట్ మార్షల్’ అని, పక్కన భారతదేశంలోని ఊరు ఉన్నా ఆశ్చర్యపోకండి. బళ్లారి, సికింద్రాబాద్ కంటోన్మెంట్లలో బ్రిటిష్ పటాలాలుండేవి, వాటిలో ఐరిష్ సైనికులు తక్కువేమీ కాదు. భారతదేశంలోనే సైనిక కోర్టు శిక్ష వేసి సిడ్నీ పంపినవారూ ఉన్నారు. వారికోసం క్యూలోని డబ్ల్యూఓ 90 రిజిస్టర్లు చూడాలి.

డబ్లిన్‌కు ఈమెయిల్ రాసేది ఇవన్నీ అయ్యాకే. అందులో పేరు, దాని ఇతర స్పెల్లింగులు, శిక్షపడిన జిల్లా, తేదీ, నేరం, శిక్షాకాలం, ఓడ, చేరిన ఏడాది రాయండి. డేటాబేస్‌లో దొరికి ఉంటే కాగితం రిఫరెన్స్ నంబరు, మైక్రోఫిల్ము నంబరు ఉన్నవి ఉన్నట్టు దింపండి. నంబరు ఉంటే ఆ ఫిల్ము మెల్‌బోర్న్‌లోనే ఉందేమో స్టేట్ లైబ్రరీలో ముందు అడగండి, డబ్లిన్ దాకా వెళ్లే పనే ఉండకపోవచ్చు.